మంగళవారం అదుసే వీలునామా

కుమాసి పట్నం, అసోక్వాలో కాపురం ఉంటున్న లెఫ్టినెంట్ కల్నల్ క్వాబెనా అదుసే అనే నేను, సైన్యంలో స్టాఫ్ ఆఫీసరుని, నలభై మూడేళ్ళవాణ్ణి, స్వయంగా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. చెయ్యి మాత్రం స్థిరంగా లేదు. అక్షరాలు వంకర్లు పోయాయి కాబట్టి ఎవరో పీక మీద కత్తి పెట్టి రాయించారని రేపు ఎవరూ కోర్టులో వాదించవద్దు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు. కడుపులో మందు చుక్క లేదు. ఉన్నది భయం ఒక్కటే. భయపడుతున్నవాడు వీలునామా రాయకూడదని ఏ చట్టంలోనూ లేదని మేజర్ సెన్యో అగ్బెకో చెబుతున్నాడు. ఆయన నా పాత స్నేహితుడు, సైన్యం నుంచి రిటైరయ్యాక ప్లీడరీ చేస్తున్నాడు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా తీసుకొస్తే అది దొంగది.

కారణాలు రాయనక్కర్లేదని అగ్బెకో అంటున్నాడు. నేను రాస్తాను. స్టాఫ్ ఆఫీసరు ఏ ఉత్తర్వు రాసినా ముందు ‘పరిస్థితి’ అని మొదలుపెడతాడు, ఆ తరువాతే ఎవరు ఏ లారీ ఎక్కాలో చెబుతాడు. ఇరవై ఏళ్ళ అలవాటు ఈ ఒక్క కాగితం కోసం మానుకోలేను.

పరిస్థితి. ఈ నెల మొదట్లో కుర్ర సిపాయిలు తుపాకులు పట్టుకుని గద్దె ఎక్కారు. అప్పటినుంచి సాయంత్రం వార్తలయ్యాక రేడియోలో ఆఫీసర్ల పేర్లు చదువుతున్నారు. చదివిన ప్రతివాడూ దగ్గర్లోని బారెక్సుకి పోయి కనపడాలి. పోయినవాళ్ళలో కొందరు బోడిగుండ్లతో తిరిగొచ్చారు. కొందరు తిరిగి రాలేదు. నిన్న సాయంత్రం చదివిన పేర్లలో ఒకటి, ‘లెఫ్టినెంట్ కల్నల్ కె. అదుసే.’

ఆ ‘కె’ ఎవరు? సోమవారం పుట్టిన క్వాజో కె. మంగళవారం పుట్టిన నేను, క్వాబెనాని, కె. బుధవారం క్వాకు, శుక్రవారం కోఫీ, శనివారం క్వామె, ఆదివారం క్వాసీ. గురువారం పుట్టిన యౌగాళ్ళు తప్ప మాలో మగవాళ్ళందరూ కె లే. సైన్యంలో ఈ హోదాలో ఇద్దరు అదుసేలున్నారు. ఒకడు అక్రాలో సామాన్ల డిపో చూసే క్వాజో. రెండోవాణ్ణి నేను. మెస్సులో మమ్మల్ని సోమవారం అదుసే, మంగళవారం అదుసే అని పిలిచేవారు. రేడియో చదివిన కుర్రాడికి వారం చెప్పాలని తోచలేదు. టెలిఫోను పనిచేయడం లేదు కాబట్టి నేను అడగనూ లేను. అడగడానికి ధైర్యం ఉందని కూడా చెప్పను.

పేరు వినపడినప్పుడు నా భార్య అబ్రఫీ రొట్టెల పిండి పిసుకుతోంది. చేతులు పిండిలోనే ఉండిపోయాయి. “సోమవారం ఆయన్ని అయుంటుంది” అంది. అయుంటుందన్నాను. పొద్దున్నే అగ్బెకో వచ్చాడు. “నిన్ను కాదురా కుండల్లేనోడా! నిన్ను పిలిచి ఏం చేసుకుంటారు, లారీలకి దారి చెప్పించుకుంటారా?” అని నవ్వాడు. నవ్వుతూనే లేచి వెళ్ళి గేటు గడియ పెట్టొచ్చాడు.

రేపు పొద్దున నేనే బారెక్సుకి పోతున్నాను. ఇది ధైర్యం కాదు. నేను పోకపోతే వాళ్ళు లారీ వేసుకుని వస్తారు. వస్తే ఇల్లు చూస్తారు, బట్టీ చూస్తారు, పదిహేనేళ్ళ నా కూతుర్ని చూస్తారు. శత్రువుకి ఇంటి దారి చూపించకూడదన్నది స్టాఫ్ కాలేజీలో మొదటివారం నేర్పిన పాఠం. కాబట్టి పోతాను. పోయినవాణ్ణి రాకపోతే ఏం జరగాలో కింద రాస్తున్నాను.

ఒకటి. అసోక్వాలో నా పేరున ఉన్న ఇల్లు, ముందు వరండా, పెరట్లో బావి, రొట్టెల బట్టీ, దాని మీది రేకుల కప్పు, పిండి కలిపే తొట్టి, వీటన్నిటితో సహా, నా తదనంతరం నా భార్య యా అబ్రఫీకి సర్వ హక్కులతో చెందాలి. ఆమె అందులో ఉండవచ్చు, అద్దెకివ్వవచ్చు, అమ్ముకోవచ్చు, తన తరువాత మా కూతురు సేర్వాకి ఇవ్వవచ్చు. నా తల్లివైపు వాళ్ళకి, అంటే మాంపాంగ్‌లో ఉన్న మా అక్కకి గానీ, ఆమె కొడుకులకి గానీ, ఆ వంశంలో ఇంకెవరికి గానీ, ఇందులో ఇటుక ముక్క మీద కూడా హక్కు లేదు.

మాలో మగవాడి ఆస్తి పెళ్ళాం పిల్లలకి పోదు, అక్కచెల్లెళ్ళ కొడుకులకి పోతుంది. పిల్లలు తల్లి వంశంవాళ్ళు కాబట్టి తండ్రి పోయాక ఆ ఇంట్లో వాళ్ళు పరాయివాళ్ళు. అందుకే ఇంత గట్టిగా రాశాను. అగ్బెకో ఏవే జాతివాడు, వాళ్ళలో తండ్రిది కొడుక్కే. ఆయనకి మా పద్ధతి ఎప్పుడూ నవ్వులాటే. “మీ ఆశాంతి వాళ్ళ తెలివే తెలివిరా. పెళ్ళాం పక్కన పడుకుంటారు, లేచి అక్కకి ఇల్లు కడతారు” అంటాడు.

ఈ ఇల్లు నేనొక్కణ్ణి కట్టింది కాదు. నా జీతంతో పునాది లేచింది. గోడలు అబ్రఫీ రొట్టెలు లేపాయి. నేను కాంగోలో ఉన్నా, ఇంగ్లండులో స్టాఫ్ కాలేజీలో ఉన్నా, నెలనెలా కొన్ని ఇటుకలు పోయించింది ఆమే. వానలో తడవకుండా వాటిమీద అరటాకులు కప్పింది ఆమే. కాగితం మీద నా పేరొక్కటే ఉండటం భూముల ఆఫీసులో గుమాస్తా తొందర వల్ల జరిగింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనమామ పోయాడు. నలభయ్యో రోజు కర్మ అయిన మర్నాడు మా అత్తని ఆ ఇంట్లోంచి పంపేశారు. అత్త రోడ్డు పక్కన తన రోలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఫుఫు ముద్దకి దుంపలు దంచే పెద్ద కర్ర రోలు. రోకలి మాత్రం లేదు. రోకలి లేకుండా రోలు పెట్టుకుని ఏం చేస్తుందని నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. చీకటి పడేలోగా ఏదో కట్టెల లారీ ఆమెని ఎక్కించుకుపోయింది. మేము ఆ ఇంట్లో చేరాం. నేను అక్కడే పెరిగి, అక్కణ్ణించే బడికి పోయి, అక్కణ్ణించే సైన్యంలో చేరాను.

నిన్నటినుంచి కళ్ళు మూస్తే ఆ రోడ్డు కనిపిస్తోంది. రోలు ముందు కూర్చున్న మనిషి మొహం మాత్రం అబ్రఫీది. బారెక్సులో నాకేం జరుగుతుందన్న భయం కంటే ఇది పెద్దది. ఉన్నమాట రాస్తున్నాను.

రెండు. ఈ కాగితం కోర్టు కోసం. మా వాళ్ళకి కాగితం చాలదు. ఇచ్చేవాడు బతికుండగానే పుచ్చుకునేవాళ్ళు ష్నాప్స్ సీసా పెట్టి కృతజ్ఞత చెప్పాలి. ఇచ్చేవాడి తల్లివైపు మనిషి ఒకరు అందులోంచి తాగాలి. తాగితే ఇచ్చినట్టు. ఇక ఏ పెద్దమనిషి నోరెత్తినా, “మీవాళ్ళు మందు తాగారుగా” అని ఒక్కమాట చాలు. తాగకపోతే కోర్టు కాగితం చేతిలో ఉన్నా మాంపాంగ్ నుంచి లారీ నిండా మేనమామలు దిగి, బట్టీ మీద కూర్చుని పంచాయితీ పెడతారు. అబ్రఫీ ఒక్కతే వాళ్ళతో పోట్లాడలేదు.

అబ్రఫీ ఈ పొద్దున సీసా కొని తెచ్చింది. బల్ల మీద నా ఎదురుగానే ఉంది. తాగే మనిషే లేడు. నిన్న రాత్రే మాంపాంగ్ పోయే డ్రైవరు చేత మా చిన్నమామకి కబురంపాను. మోకాళ్ళ నొప్పులని తిరుగు కబురొచ్చింది. పెళ్ళిలో డప్పు వినబడితే ఆ మోకాళ్ళు ఎలా ఆడతాయో నేను చూశాను. అగ్బెకో కాక రెండో సాక్షిగా మా పాస్టరు గారిని అడిగితే ఆయనకీ ఒంట్లో బాగాలేదట. రేడియోలో పేరు వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ఎవరికీ ఒంట్లో బాగుండటం లేదు.

ఇక్కడ రాయడం ఆపాను. వీధి మలుపులో లారీ చప్పుడైంది. అది పిండి మూటల లారీ. సైన్యం బెడ్‌ఫర్డ్ లారీ గేరు మార్చేటప్పుడు ముసలివాడిలా దగ్గుతుంది, ఇది దగ్గలేదు. జీవితమంతా లారీలతో గడిపాను కాబట్టి చప్పుడును బట్టి చెప్పగలను. చెప్పగలిగినా ప్రతి చప్పుడుకీ కలం కింద పెడుతున్నాను. పొద్దున్నుంచి ఎన్నిసార్లు పెరట్లోకి పోయానో అబ్రఫీకి తెలుసు, అడగటం లేదు.

మూడు. మా అక్క పెద్దకొడుకు, నా మేనల్లుడు యౌ బఫూర్‌కి నా ఒంటిగొట్టం తుపాకీ, నా కెంటె బట్ట, మాంపాంగ్‌లో నా వంతు కోకో తోట చెందాలి. ఆచారం ప్రకారం నా వారసుడు వాడే. ఆచారాన్ని నేను పూర్తిగా తోసెయ్యడం లేదు. వాడు సుఆమెలో లారీలు బాగుచేస్తాడు, చెయ్యి మంచిది. మా ఇంటికొచ్చినప్పుడల్లా కళ్ళతోనే గదులు కొలుస్తాడు. “మావయ్యా, ఈ గోడ కొట్టేస్తే రెండు గదులూ ఒకటైపోతాయి గదా” అంటాడు. ఎవరి కోసం రా అంటే, “ఊరికే అన్నాన్లే మావయ్యా” అని రొట్టె నోట్లో పెట్టుకుంటాడు. యౌ, నువ్వు గురువారం పుట్టావు. నీ పేరుకి ‘కె’ లేదు. అంతకంటే పెద్ద అదృష్టం ఈ రోజుల్లో నీకెవరూ ఇవ్వలేరు. గోడల జోలికి పోకు.

నాలుగు. మా అక్క అకువా సేర్వాకి మా అమ్మ బంగారు పూసల దండ చెందాలి. అమ్మ పోతూ దాన్ని నా చేతికిచ్చింది. నా చేతికెందుకిచ్చిందని అక్క పదహారేళ్ళుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నా కూతురికి ఆమె పేరే పెట్టాను, అప్పుడూ కరగలేదు. బారసాలకొచ్చి, “పేరు నాది, పిల్ల మీ ఆవిడ వంశానిది. నాకేం ఒరిగింది?” అని అందరి ముందూ అనేసింది.

అక్కా, కల్నల్‌నయినా నాకు నువ్వంటేనే ఎక్కువ భయం. చిన్నప్పుడు నీ అడుగుల చప్పుడు వింటే పుస్తకం తీసేవాణ్ణి. ఆ సీసా ముందు నిన్ను కూర్చోబెట్టాలని నాకు తోచకపోలేదు. నువ్వు మెథడిస్టు స్త్రీల సమాజానికి పెద్దవి. పెళ్ళయినప్పటినుంచి మందు ముట్టలేదు. ఆ సంగతి దేవుడికీ తెలుసు, మాంపాంగ్‌లో కల్లు అమ్మేవాళ్ళకీ తెలుసు. పైగా ఆ మందు తాగితే పోయేది నీ కొడుకుల ఇల్లు. అందుకే నీకు కబురు పెట్టలేదు.

అయిదు. నా కూతురు సేర్వాకి నా మ్యాపులు, రంగు పెన్సిళ్ళ పెట్టె. నీలం పెన్సిలు మనవాళ్ళకి, ఎర్రది శత్రువుకి. అమ్మా, నేను ఎర్రది ఎక్కువగా వాడలేదు, పొడుగ్గానే ఉంది చూడు. నీలం అరిగిపోయింది, మనవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది. బయాలజీ బొమ్మలకి పనికొస్తాయి. నువ్వు నిన్నటినుంచి నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నావు. నీకు అలా నవ్వు రాదని నాకు తెలుసు. నేను కూడా అలాగే నవ్వుతున్నాను, కాబట్టి మన్నించాను.

ఆరు. అక్రాలో ఉన్న కల్నల్ క్వాజో అదుసేకి ఆస్తి ఏమీ ఇవ్వడం లేదు. ఒక మేకని మాఫీ చేస్తున్నాను. నాకు మేజర్ హోదా వచ్చినప్పుడు మా అత్తగారు అభిమానంగా ఒక మేకని కె. అదుసే పేరు మీద రైల్లో పంపితే ఇతను తీసుకున్నాడు. అడిగితే, “దాని మెడలో చీటీ మీద వారం రాసి లేదు మరి” అన్నాడు. కోసుకుని, పల్లీల పులుసు పెట్టుకుని, మెస్సులో అందరికీ పంచాడు. నాక్కూడా ఒక గిన్నె పంపాడు, బాగానే ఉంది. అందుకే కోపం ఇంకా పెరిగింది. ఇరవై ఏళ్ళలో నా ఉత్తరాలు వాడికి పోయాయి, వాడి బట్టలు నాకు వచ్చాయి. ఇప్పుడు ఇది వచ్చింది. ఇది ఎవరిదో తెలియదు. రాత్రంతా నేను వాడిదే కావాలని ప్రార్థించాను, వాడూ అక్రాలో అదే పని చేస్తూ ఉంటాడు. దేవుడికి కూడా ‘కె’ అంటే ఎవరో అర్థమై ఉండదు.

క్వాజో, నువ్వు ఇంకా ఇంట్లోనే ఉంటే కదలకు. ఒక ‘కె’ వెళ్ళాడు. వాళ్ళ కాగితం మీద ఒక టిక్కు పడుతుంది. అది చాలేమో చూద్దాం.

ఏడు. నా యూనిఫారాలు సైన్యానివి, తిరిగివ్వాలి. ‘కె. అదుసే’ అన్న రబ్బరు స్టాంపుని బట్టీలో వెయ్యాలి. అబ్రఫీ అడ్డు చెబుతోంది, రబ్బరు కాలితే వారం రోజులు రొట్టెలు వాసనొస్తాయట. అయితే బావి పక్కన గొయ్యి తీసి పూడ్చండి.

సైన్యానికి నేను వదిలి పోయేది ఒకటే మాట. కాంగోలో మా బెటాలియన్ని రైల్లో తరలించినప్పుడు నేను కొత్త లెఫ్టినెంటుని. అన్ని పెట్టెలూ చేరాయి, వంటపాత్రల పెట్టె మాత్రం చేరలేదు. ఏ స్టేషన్లో ఎవరు విప్పేశారో ఈనాటికీ తెలియదు. బెటాలియనంతా బియ్యం మూటల మీద కూర్చుని నా మొహం చూసింది. ఆ రోజునుంచి నా పేరు ‘కుండల్లేని క్వాబెనా’. తరువాత నేను రాసిన ప్రతి ఉత్తర్వులోనూ మొదటి లారీ వంటపాత్రలది. జనరల్స్ నవ్వారు, “మొదటి లారీ తుపాకులది కదా కల్నల్?” అన్నారు. అన్నం తినని సిపాయి తుపాకీ ఎవరి మీదికి తిప్పుతాడో చెప్పలేమని నేను అనేవాణ్ణి. నా మాట అక్కడెవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గద్దె మీదున్న కుర్రాళ్ళలో చాలామంది సరైన తిండి లేని బారెక్సుల నుంచే వచ్చారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. భయం మాత్రం చాలా ఉంది.

ఎనిమిది. నా శవాన్ని ఇస్తే మాంపాంగ్‌లో అమ్మ పక్కన పెట్టాలి. ఇవ్వకపోతే నా తెల్ల బట్టని పెట్టెలో పెట్టి అదే చెయ్యండి. అబ్రఫీ ఏడాదిపాటు నల్లబట్ట కట్టనక్కర్లేదు, పిండి అంటుకుంటే ఊరికే కనపడుతుంది.

తొమ్మిది. మేజర్ అగ్బెకోకి ఏమీ ఇవ్వడం లేదు. ఆయన మొదటి సాక్షి. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏ వాటా ఇచ్చినా అది చెల్లదని ఆయనే చెప్పాడు. మేమిద్దరం ఆడుకునే నా గవ్వల బల్ల మీద కన్నేశాడని తెలుసు. సంతకం కావాలో, బల్ల కావాలో తేల్చుకోమన్నాను. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

ఇంతవరకూ రాసి, రెండో సాక్షి లేక, సీసా మూత తీయక, కలం పట్టుకుని కూర్చున్నాను.

చేర్పు. ఇది సాయంత్రం, వార్తలకి ముందు రాస్తున్నాను. పై వాక్యం మీద సిరా ఆరకముందే మా గేటు ముందు లారీ ఆగింది. ఈసారి బెడ్‌ఫర్డే. దగ్గింది. సైన్యం బండే, నాకు పొరపాటు లేదు. సేర్వా లోపలి గదిలోకి పరిగెత్తింది. అబ్రఫీ నా ముందుకొచ్చి నిలబడింది. నేను లేవాలనుకున్నాను, కాళ్ళు లేవలేదు. అగ్బెకో టోపీ పెట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. పోయి అక్కడే పగలబడి నవ్వాడు.

యౌ బఫూర్ సైన్యం వేలంలో ఒక పాత లారీని పాడుకుని బాగుచేసుకున్నాడట. రంగు కూడా మార్చలేదు. దానిమీదినుంచి అరటి గెల, పెండలం దుంపలు దిగాయి, వాటి వెనకాల మా అక్క దిగింది.

“ఏరా, చచ్చిపోతావటగా? ఎవర్నడిగి?” అంది గేట్లోంచే. చిన్నమామ మోకాళ్ళు నొప్పులన్నాయి గానీ నోరు ఊరుకోలేదట, ఊరంతా చెప్పాడు. అక్క చర్చి పాటల అభ్యాసం మధ్యలో లేచి, సుఆమెకి పోయి, కొడుకుని లారీతో సహా లాక్కొచ్చింది. “ఏం రాశావో చదివించు” అంది.

చదవద్దని అగ్బెకోకి సైగ చేశాను. ఆయన మొదటినుంచి చివరిదాకా మా భాషలోకి తిప్పి చదివాడు. ‘ఇటుక ముక్క మీద కూడా’ అన్నచోట కావాలనే నెమ్మదిగా చదివాడు. అక్క కళ్ళు మూసుకుని విన్నది. తన గురించి రాసిన చోటా కళ్ళు తెరవలేదు. చదవడం అయిపోయింది. అబ్రఫీ గుమ్మంలో నిలబడి ఉంది. యౌ గోడకేసి చూసి, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు.

అక్క కళ్ళు తెరిచి పెరట్లోకి చూసింది. అక్కడ మా రోలుకి ఆనించి రోకలి ఉంది. “ఆ రోకలి ఎవరిదే?” అని అబ్రఫీని అడిగింది.

“మా అమ్మ ఇచ్చింది వదినా.”

“రోలుతోపాటే ఇచ్చిందా?”

“రెండూ ఇచ్చింది వదినా.”

అక్క తలూపింది. ఆ తరువాత అన్నమాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, మార్చవద్దని ఆమె ఆజ్ఞ. “అత్త రోకలి ఏమైందని రాశావుగా. లాక్కొచ్చింది నేనేరా. రోకలి ఇంటిదని అమ్మ నన్ను పంపింది. పన్నెండేళ్ళ దాన్ని, పరిగెత్తుకుంటూ పోయాను. ఆవిడ తిడుతుందనుకున్నాను, గట్టిగా పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. లేచి నా భుజం మీద పెట్టి, ‘మెల్లగా పట్టుకెళ్ళు తల్లీ, బరువు’ అంది. ఇంటికొచ్చి దాంతోనే దంచుకుని తిన్నాం. నువ్వు రెండోసారి కూడా పెట్టించుకున్నావు. నాకు దిగలేదు.”

మూత తియ్యమంది. అబ్రఫీ రెండు చేతులతో గ్లాసు పట్టుకొచ్చి, మోకాలి మీద వంగి, మా పద్ధతి ప్రకారం కృతజ్ఞత చెప్పింది. మెథడిస్టు స్త్రీల సమాజం పెద్ద, నా అక్క, గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. “థూ! దీనికోసమా మగాళ్ళు కొంపలు ముంచుకునేది?” అంది. తరువాత, “ఇల్లు నీదేనే అబ్రఫీ. నేను తాగాను. మాంపాంగ్‌లో ఎవడైనా నోరెత్తితే నా దగ్గరికి పంపు” అంది. యౌ వైపు తిరిగి, “నువ్వు గోడలు చూడ్డం మానేసి లారీకి రంగు వెయ్యరా, మీ మావయ్య ప్రాణం పోయేది” అంది.

రెండో సాక్షి తనే అవుతానంది. సాక్షి అయితే అమ్మ పూసల దండ నీకు రాదని చెప్పాను, పదహారేళ్ళు దానికోసమేగా మాట్లాడలేదన్నాను. “నా పేరు పెట్టుకుందిగా లోపలొకతి, దానికి వెయ్యి” అంది. అందుచేత నాలుగో అంశం రద్దు చేసి, పూసల దండ నా కూతురు సేర్వాకి చెందేట్టు మార్చి రాస్తున్నాను.

రేపు పొద్దున యౌ తన లారీలోనే నన్ను బారెక్సు దగ్గర దింపుతానన్నాడు. భయం పోలేదు. కాళ్ళు మాత్రం లేస్తున్నాయి. రోడ్డు పక్కన రోలు ముందు కూర్చున్న మనిషి మొహం ఇప్పుడు కళ్ళు మూసినా అబ్రఫీలా లేదు, అత్తలాగే ఉంది. అక్క ఇంకోమాట కూడా చెప్పింది: “అక్కడ పేరడిగితే కె అనకు. పుట్టిన వారంతో సహా చెప్పు. తీసుకుపోతే మా క్వాబెనాని తీసుకుపోయామని వాళ్ళకి తెలియాలి.” అందుకని ఈ కాగితం మీద కూడా పొడి అక్షరం వాడకుండా, పూర్తి పేరుతో, నేను పుట్టిన వారం నాడే సంతకం చేస్తున్నాను.

మంగళవారం, జూన్ 19, 1979. కుమాసి.

(సంతకం) క్వాబెనా అదుసే

సాక్షులు, ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండి చూసినవారు:

1. సెన్యో అగ్బెకో, మేజర్ (రిటైర్డ్), ప్లీడరు.

2. అకువా సేర్వా, మాంపాంగ్, పై అతనికి అక్క. ఎడమచేతి బొటనవేలి ముద్ర.

ముద్ర కాస్త అలికినట్టుంది. అది మందు వల్లనే గానీ తన చెయ్యి వణికి కాదని రాయమంటోంది. రాశాను.